చప్పుడు చేయని మెరుపు

పోయిన ఫిబ్రవరిలో మా తమ్ముడి కొడుకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి, రెండు పెద్ద సంచుల నిండా కంప్యూటర్ సామాను కొనుక్కొచ్చి మా హాల్లో పరిచాడు. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్. బిగించడానికి కూర్చున్నాడు గానీ చెయ్యి ముందుకు సాగలేదు. ముందురోజు రాత్రి చీకట్లో పాలిస్టర్ దుప్పటి లాగితే చిటపటమని నీలం మెరుపులు వచ్చాయట. "పెదనాన్నా, ఆ మెరుపే నా చేతిలోంచి దీనికి తగిలితే?" అన్నాడు మదర్‌బోర్డు డబ్బా చూపిస్తూ. ఏడాదిపాటు కూడబెట్టుకున్న డబ్బు అది. ఆ పూట వాడికి చెప్పినవీ, తర్వాత వాడి ప్రశ్నల కోసం నేను వెతికి పట్టుకున్నవీ కలిపితే ఈ విశేషాలయ్యాయి.

గడ్డిపరకల మణి

కరెంటు గురించి మనిషికి మొదట్లోనే తెలిసిన సంగతుల్లో ఒకటి స్టాటిక్, అంటే రాపిడితో వస్తువుల మీద పోగై నిలిచే విద్యుత్తు. ఏనాటి చెట్ల జిగురో భూమిలో గట్టిపడి రాయిలా మారితే దాన్ని సంస్కృతంలో తృణమణి అన్నారు, గడ్డిపరకల్ని లాగే మణి అని. బట్టతో రుద్ది దగ్గర పెడితే పరకలు ఎగిరొచ్చి అంటుకుంటాయి. పారశీకులు దాన్నే కహ్రుబా అన్నారు, గడ్డిని దోచుకునేది అని. ఆ మాట అరబ్బీలోకి వెళ్లి కరెంటుకే పేరైంది. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లను అడగండి, కహ్రబా అంటే ఏమిటో చెబుతారు. గ్రీకులు అదే మణిని ఎలెక్ట్రాన్ అన్నారు. 1600లో విలియం గిల్బర్ట్ అనే ఇంగ్లండు వైద్యుడు అయస్కాంతాల మీద రాసిన లాటిన్ గ్రంథంలో దాని నుంచే 'ఎలెక్ట్రికస్' అనే మాట పుట్టించాడు. బళ్లో ప్లాస్టిక్ స్కేలు నెత్తికి రుద్ది కాగితం ముక్కల్ని ఎగరేసిన ప్రతి పిల్లవాడూ ఆ పాత ప్రయోగాన్నే మళ్లీ చేసినట్టు.

మూడు వేల దాకా మనకు తెలియదు

తలుపు గడియ పట్టుకోగానే చురుక్కుమంటే మన ఒంటి మీద కనీసం 3,000 వోల్టులు పోగైనట్టే. చిటుక్కుమన్న శబ్దం వినపడాలంటే 5,000 దాకా ఉండాలి. నిప్పురవ్వ కంటికి కనబడాలంటే సుమారు 10,000. 3,000కు తక్కువైతే చర్మానికి తెలియదు.

ఇంకో సంగతి ఉంది. ఫ్రీడ్రిష్ పాషెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1889లో గాలిని చీల్చుకుని రవ్వ దూకాలంటే ఎంత వోల్టేజి కావాలో కొలిచాడు. మామూలు గాలిలో దాదాపు 330 వోల్టులకన్నా తక్కువుంటే రవ్వ దూకదు. అలాంటప్పుడు మన వేలు నేరుగా లోహాన్ని తాకిన క్షణాన ఒంటి మీద పోగైన విద్యుదావేశం చడీచప్పుడూ లేకుండా జారిపోతుంది. సున్నితమైన కొన్ని ఎలక్ట్రానిక్ భాగాలకు 100 వోల్టులు కూడా ఎక్కువే. "నాకు షాక్ కొట్టలేదు కాబట్టి దానికీ కొట్టలేదు" అనుకోవడం అందుకే పొరపాటు.

మరి ఇన్ని వేల వోల్టులకు మనమెందుకు చావం? పోగైన ఆవేశం అతి తక్కువ కాబట్టి. ఇంజనీర్లు లెక్కల కోసం మనిషి ఒంటిని 100 పికోఫారడ్ల కెపాసిటర్‌గా, దానికి తోడు 1,500 ఓముల నిరోధంగా తీసుకుంటారు. ఆ లెక్కన 10,000 వోల్టుల దగ్గర మన ఒంట్లో ఉన్న శక్తి 5 మిల్లీజూళ్లు. పది మినపగింజల్ని మీటరు ఎత్తుకు లేపితే ఖర్చయ్యేంత. అటూ ఇటూ దాటే ఎలక్ట్రాన్లు మాత్రం 6 లక్షల కోట్ల పైచిలుకు. మనకు అది చీమ కుట్టినంత. చిప్పులోని ఒక మూలకు మాత్రం పిడుగు.

ఎంత పల్చటి గోడ?

ఇవాళ్టి చిప్పులన్నిటికీ మూలమైన మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్‌ను 1959లో బెల్ ల్యాబ్స్‌లో మహమ్మద్ అటాలా, డావన్ కాంగ్ తయారుచేశారు. దాని గుట్టంతా ఒక గాజుపొరలో ఉంది. పైన గేటు, కింద సిలికాన్, మధ్యలో కరెంటును అడ్డుకునే సిలికాన్ డయాక్సైడ్ పొర. ఏటేటా ఆ పొరను పల్చబరుస్తూ వచ్చి, ఈ శతాబ్దం మొదటి పదేళ్లలో 1.2 నానోమీటర్ల దాకా తెచ్చారు. పరమాణువుల వరసలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ పదార్థం నానోమీటరుకు దాదాపు ఒక వోల్టు దాకానే తట్టుకుంటుంది. అంతకన్నా పల్చన చేస్తే ఎలక్ట్రాన్లు వాటంతటవే కారిపోతున్నాయని, 2007లో ఇంటెల్ 45 నానోమీటర్ల చిప్పులకు వచ్చేసరికి హాఫ్నియం కలిసిన మరో పదార్థానికి మారింది.

ఒకసారి ఆ పొరకు బెజ్జం పడితే ఇక పూడదు. మంటా పొగా వాసనా ఏమీ ఉండవు. సూక్ష్మదర్శినిలో చూస్తే తప్ప గాయం కనబడదు.

చావని చావు

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. స్టాటిక్ తగిలిన చిప్పు వెంటనే చస్తే నయం, దుకాణానికి తీసుకెళ్లి మార్చుకుంటాం. కొన్నిసార్లు అది సగమే దెబ్బతింటుంది. కంప్యూటర్ ఆన్ అవుతుంది, పరీక్షలన్నీ పాసవుతుంది. నెలల తర్వాత ఎండాకాలంలో వేడెక్కినప్పుడు ఉన్నట్టుండి నీలం తెర వేస్తుంది, ర్యామ్ తప్పులు చూపిస్తుంది. దీన్ని దాగిన గాయం అంటారు. కారణం రుజువు చేయడం దాదాపు అసాధ్యం. ఆ రోజు సాయంత్రం మనం పాలిస్టర్ జర్కిన్ వేసుకుని ర్యామ్ పెట్టిన సంగతి అప్పటికి ఎవరికి గుర్తుంటుంది?

మరి ఏమీ పట్టించుకోకుండా బిగించేవాళ్ల సంగతి?

న్యాయమైన ప్రశ్నే. చేతికి ఏ పట్టీ లేకుండా వందల కంప్యూటర్లు బిగించిన కుర్రాళ్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. చిప్పు కాళ్లన్నిటి దగ్గరా తయారీదారులు కాపలా డయోడ్లు పెడతారు. వేలు తగిలినప్పుడు వచ్చే ఆవేశాన్ని అవి పక్కకు మళ్లిస్తాయి. మామూలుగా 1,000 వోల్టుల మనిషి తాకిడిని తట్టుకోవాలని లక్ష్యం పెట్టుకుంటారు, ఒకప్పుడు ఆ లక్ష్యం 2,000 ఉండేది. బోర్డు మీద బిగించాక ఆవేశానికి పంచుకునే దారులు పెరుగుతాయి కాబట్టి కొన్నిసార్లు ఇంకొంచెం నయం.

కానీ లెక్క చూడండి. చిప్పు తట్టుకునేది 1,000, మన ఒంటికి తెలిసేది 3,000. మధ్యలో ఉన్న రెండు వేల వోల్టుల జాగాలో చిప్పు నొచ్చుకుంటుంది, మనకు మాత్రం కబురు అందదు. స్టాటిక్ గురించి మావాడికి నేను చెప్పాలనుకున్నదంతా ఆ జాగా గురించే.

నడిస్తే ఎంత?

పరిశ్రమలో ఏళ్లుగా చూపించే కొలతలు ఇవి. గాలిలో తేమ 10 నుంచి 25 శాతమే ఉన్నప్పుడు కార్పెట్ మీద నడిస్తే ఒంటి మీద 35,000 వోల్టుల దాకా పోగవ్వొచ్చు. అదే నడక తేమ 65 శాతం దాటిన గాలిలో అయితే 1,500. వినైల్ నేల మీద ఎండు గాలిలో 12,000, తేమ గాలిలో 250. స్పాంజి కుర్చీలోంచి లేస్తే 18,000, తేమ ఉంటే 1,500. తేడా అంతా నీటిదే. గాలిలో చెమ్మ ఉంటే వస్తువుల పైన కంటికి కనబడని నీటి పొర ఏర్పడి, ఆవేశాన్ని ఎప్పటికప్పుడు జారవిడుస్తుంది.

విశాఖలోనో మచిలీపట్నంలోనో వానాకాలంలో బిగించేవాడికి సముద్రమే సగం సాయం చేస్తుంది. హైదరాబాద్‌లో మాఘ, ఫాల్గుణాల మధ్యాహ్నాలు, అనంతపురం ఎండాకాలం అలా కాదు. ఏసీ గది కూడా కాదు, అది గాలిని చల్లబరుస్తూ అందులోని నీటిని పైపులోంచి బయటికి పంపేస్తుంది. ఇక చికాగోలోనో మినియాపోలిస్‌లోనో డిసెంబర్ సెలవుల్లో కంప్యూటర్ బిగించే మన పిల్లల పరిస్థితి అన్నిటికన్నా కష్టం. బయటి గడ్డకట్టించే చలిగాలిలో నీరు చాలా తక్కువ, దాన్ని లోపలికి లాగి హీటరు వేడిచేస్తే ఇంకా ఎండిపోతుంది. పైగా కాళ్ల కింద కార్పెట్, ఒంటి మీద ఫ్లీస్. తలుపు గడియలు, కారు తలుపులు రోజూ వాళ్లకు ఆ సంగతి చెబుతూనే ఉంటాయి.

నూలు మిల్లుల్లో గాలికి తేమ ఎక్కించే ప్లాంటు అందుకే ఉంటుంది. స్టాటిక్ ఎక్కిన పోగులు ఒకదాన్నొకటి తోసుకుని చెదిరి తెగిపోతాయి. గుంటూరు వైపు మిల్లులో పనిచేసినవాళ్లకు ఆ చెమ్మ గాలి బాగా తెలుసు.

ఏ బట్ట కట్టుకోవాలి?

ఏ వస్తువు దేనితో రుద్దుకుంటే ఎటు ఆవేశం ఎక్కుతుందో చెప్పే మొదటి పట్టికను 1757లో స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ కార్ల్ విల్కె ప్రచురించాడు. ఆ పట్టిక ఇప్పటికి చాలా పెరిగింది. ఒక కొసన గాజు, తలవెంట్రుకలు, నైలాన్, ఉన్ని, పట్టు. రెండో కొసన పాలిస్టర్, పాలిథిన్, పీవీసీ, టెఫ్లాన్. రెండు కొసలవీ కలిసి రుద్దుకుంటే ఆవేశం ఎక్కువ. నూలు దాదాపు మధ్యలో ఉంటుంది, పైగా చెమ్మను పట్టి ఉంచుతుంది. నూలు లుంగీ, నూలు బనీను, బండల మీద ఉత్తి కాళ్లు. ఈ పనికి మన ఇంటి వేషమే సరైనది. మావాణ్ణి జర్కిన్ విప్పి, సాక్సులు తీసి, సోఫా మీంచి కిందికి దిగి కూర్చోమన్నాను.

కార్పెట్ లేని తాండూరు నాపరాళ్లో కడప బండలో ఉన్న ఇల్లయితే కొంత అదృష్టమే.

థర్మాకోల్, సెలోటేపు

క్యాబినెట్ డబ్బా తెరవగానే థర్మాకోల్ పూసలు చేతులకు అంటుకుని ఎంత దులిపినా వదలవు కదా. ఆ పట్టుదలంతా స్టాటిక్‌దే. అద్దం పలక మీద అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొర ఒలిచినప్పుడు చరచరమనేదీ అదే. మదర్‌బోర్డు కవరులోంచి బయటికి రాకముందే ఈ ప్యాకింగు సరుకంతా గదిలోంచి బయట పెట్టేయాలి.

సెలోటేపు సంగతి ఇంకా వింత. 2008లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు గాలి తీసేసిన పెట్టెలో టేపు చుట్టను యంత్రంతో ఒలిస్తే ఎక్స్‌రేలు వచ్చాయి. వాటితో వేలి ఎముక ఫొటో కూడా తీశారు. మామూలు గాలిలో ఎక్స్‌రేలు రావు, భయం లేదు. ఆవేశం మాత్రం వస్తుంది.

గులాబీ కవరు, వెండి కవరు

రెండూ ఒకటి కావు. గులాబీ రంగు పాలిథిన్ కవరు తను రుద్దుకున్నప్పుడు ఆవేశం పుట్టించదు, అంతే. బయటినుంచి వచ్చే రవ్వను ఆపలేదు. మదర్‌బోర్డుకు తొడిగే వెండిరంగు కవరులో ప్లాస్టిక్ పొరల మధ్య పల్చటి లోహపు పొర ఉంటుంది, అది లోపలి వస్తువుకు కవచం. మైకేల్ ఫారడే 1836లో లండన్‌లో 12 అడుగుల ఎత్తూ వెడల్పూ ఉన్న గదిలాంటి పెట్టెకు లోహపు రేకులూ తీగలూ చుట్టించి, బయటినుంచి రవ్వలు దూకిస్తుంటే తను లోపల కొలత పరికరాలతో కూర్చున్నాడు. లోపల ఏమీ తెలియలేదు. మన మదర్‌బోర్డు ఆ కవరులో ఫారడే కూర్చున్నట్టే కూర్చుంటుంది. అయితే మూతి మడిచి ఉండాలి, తెరిచిన కవరు కోట కాదు.

చాలామంది ఆ కవరును నేల మీద పరిచి, దాని మీద బోర్డు పెట్టి, కరెంటు కూడా ఇచ్చి చూస్తారు. ఆ పని వద్దు. నల్లటి కవర్లయితే పైభాగం కూడా కరెంటును కొంత పోనిస్తుంది. మదర్‌బోర్డు వచ్చిన అట్టపెట్టె ఉంది చూశారూ, అంతకు మించిన బల్ల లేదు.

అన్నట్టు ఆ కవర్ల మీద త్రికోణంలో చెయ్యి, దానికి అడ్డగీత ఉంటే లోపలి వస్తువు స్టాటిక్‌కు ఓర్చుకోదని అర్థం. అడ్డగీత లేకుండా త్రికోణం మీద గొడుగులా వంపు ఉంటే ఆ కవరో పట్టీయో కాపాడేదని అర్థం.

చిప్పే దూకితే

అన్నిసార్లూ తప్పు మన చేతిది కాదు. ప్లాస్టిక్ ట్రేలోంచి జారిన చిప్పు తనే ఆవేశం ఎక్కించుకుంటుంది. ఆ తర్వాత దాని కాలు ఏ లోహానికి తగిలినా లోపలున్నది బయటికి దూకుతుంది. వేలితో తగిలే దెబ్బకన్నా ఇది వేగం, ఒక నానోసెకను లోపే అయిపోతుంది. ర్యామ్‌ను ప్లాస్టిక్ డబ్బాలో టపటపలాడించవద్దని, అంచులు పట్టుకుని తీయమని, బంగారు రంగు కాళ్లను తాకవద్దని చెప్పేది ఇందుకు కూడా.

చేతి పట్టీలో దాగిన పది లక్షల ఓములు

ముంజేతికి కట్టుకునే యాంటీ స్టాటిక్ పట్టీ చూడటానికి ఒట్టి తీగలా ఉంటుంది. కానీ దాని మధ్యలో ఒక మెగాఓము రెసిస్టరు పెడతారు. అది మనిషి కోసం. పొరపాటున 230 వోల్టుల ఫేజు తగిలినా ఆ తీగలోంచి పోయే కరెంటు 0.23 మిల్లీఆంపియర్లే, చర్మానికి తెలియనంత. అంత నిరోధం ఉన్నా స్టాటిక్ మాత్రం మిల్లీసెకను లోపే ఖాళీ అవుతుంది. ఎంత పొందికైన లెక్క! అందుకే పట్టీ లేదని మామూలు రాగి తీగ చేతికి చుట్టుకోవడం చాలా ప్రమాదం. వైరు లేని పట్టీలని కూడా అమ్ముతున్నారు. ఆవేశం వెళ్లడానికి దారే లేకపోతే అది ఎక్కడికి పోతుంది? అవి కొనకండి.

పట్టీ లేకపోతే? ముందు క్యాబినెట్‌లో రంగు వేయని లోహాన్ని తాకాలి. నల్లగా మెరిసే రంగు పొర కరెంటును పోనివ్వదు కాబట్టి దాన్ని తాకి లాభం లేదు. వెనకవైపు స్క్రూనో ఉత్తి రేకునో పట్టుకోవాలి. తర్వాత కవరును మూసి ఉండగానే ఆ లోహానికి ఆనించి, అప్పుడు తెరవాలి. అసలు కావలసింది మనిషీ, క్యాబినెట్టూ, బోర్డూ ముగ్గురూ ఒకే మట్టంలో ఉండటం. మట్టం ఒకటైతే ప్రవాహం ఉండదు, చెరువులో నీళ్లలాగే. లేచి వెళ్లి కాఫీ తాగి వస్తే మళ్లీ మొదటినుంచీ తాకాలి.

కుర్చీలోంచి లేస్తే తెర ఆరిపోయిందా?

గ్యాస్ లిఫ్టుతో ఎత్తు మారే ఆఫీసు కుర్చీలోంచి లేవగానే మానిటర్ ఒక్క క్షణం నల్లబడటం చాలామంది చూసే ఉంటారు. దయ్యం కాదు. కుర్చీలో పుట్టిన ఆవేశం రవ్వగా దూకితే దాని అలను వీడియో కేబులు పట్టేస్తుంది. డిస్‌ప్లేలింక్ సంస్థ తన వినియోగదారులకు ఇచ్చిన సూచనల్లోనే ఈ కుర్చీల ప్రస్తావన ఉంది. కేబులు మారిస్తే చాలాసార్లు తగ్గుతుంది.

180 మంది ఒకేసారి ఎగిరిన రోజు

1745, 46లలో జర్మనీలో ఫాన్ క్లైస్ట్, హాలెండ్‌లో మూషెన్‌బ్రూక్ ఎవరికి వారుగా లైడెన్ జాడీని కనిపెట్టారు. స్టాటిక్‌ను నిలవ ఉంచే మొదటి పాత్ర అది. 1746లో ఫ్రాన్స్ రాజు 15వ లూయీ ఎదుట నోలే అనే మతాచార్యుడు 180 మంది సైనికుల్ని చేతులు పట్టించి నిలబెట్టి జాడీ తాకించాడు. అందరూ ఒక్క ఉదుటున ఎగిరారు. 1750 డిసెంబరులో బెంజమిన్ ఫ్రాంక్లిన్ రెండు పెద్ద జాడీలతో టర్కీ కోడిని చంపబోయి, పొరపాటున ఆ దెబ్బ తనే తిన్నాడు. చేతులూ మెడా చాలాసేపు మొద్దుబారాయని తన అన్నకు ఉత్తరం రాశాడు.

మళ్లీ మన కంప్యూటర్ దగ్గరికి వస్తే, మరో చిన్న సంగతి. క్యాబినెట్‌లో దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్లను వేలితో ఆపి పట్టుకోండి. గాలికి తిరిగే ఫ్యాను చిన్న జనరేటరై బోర్డు వైపు కరెంటు పంపుతుంది. వాక్యూమ్ క్లీనర్ ప్లాస్టిక్ గొట్టమైతే లోపలికి వద్దే వద్దు, దుమ్ము రాసుకుంటూ పోతుంటే దానికి ఆవేశం ఎక్కుతుంది.

జివ్వుమంటే అది స్టాటిక్ కాదు

చలిదేశాల పుస్తకాలు "గది రేడియేటరునో నీళ్ల గొట్టాన్నో తాకండి" అంటాయి. మన ఇళ్లలో రేడియేటర్లు లేవు, గొట్టాలన్నీ పీవీసీ. మనకు మిగిలిన దిక్కు మూడు పిన్నుల ప్లగ్గులోని ఎర్తు. ఆ పిన్ను మిగతా రెండిటికన్నా పొడుగ్గా, లావుగా ఎందుకుంటుంది? పొడుగు కాబట్టి ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు తగులుతుంది, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర వదులుతుంది. లావు కాబట్టి ఫేజు బెజ్జంలో దూరదు.

కంప్యూటర్ నడుస్తుండగా క్యాబినెట్ మీద చెయ్యి ఆనిస్తే సన్నగా జివ్వుమంటోందా? టెస్టర్ పెడితే లైటు వెలుగుతోందా? స్టాటిక్ అయితే ఒక్కసారి చురుక్కుమని పోతుంది. ఇది ఆగకుండా జివ్వుమంటూనే ఉంటుంది. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు క్యాబినెట్‌కు కలిసి ఉంటాయి, అలజడి తరంగాల్ని ఎర్తులోకి పంపడానికి. ఎర్తు తెగిపోతే ఆ రెండిటి మధ్య ఇరుక్కున్న క్యాబినెట్ 230లో సగం, అంటే 115 వోల్టుల దగ్గర నిలబడుతుంది. కరెంటు మిల్లీఆంపియరు లోపే కాబట్టి మనిషికి మామూలుగా ప్రాణభయం లేదు. కానీ ఆ స్థితిలో టీవీ కేబులు గుచ్చితే పోర్టు దెబ్బతినొచ్చు. పైగా ఏదైనా నిజంగా షార్టయిన రోజున మనిషిని కాపాడాల్సిన తీగ లేనట్టే. దీన్ని "కంప్యూటర్లన్నీ అంతే" అని వదిలేసిన ఇళ్లు ఎన్నో చూశాను, చూసినప్పుడల్లా బాధేస్తుంది.

మా ఇంటి ప్లగ్గూ అంతేనని ఆ రోజే తెలిసింది. ఎలక్ట్రీషియన్ వచ్చి మీటరు పెట్టాడు. ఫేజుకూ ఎర్తుకూ మధ్య 230 దగ్గర చూపించాలి, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. మాకు రెండు కొలతలూ తప్పాయి. సాకెట్ వెనక పచ్చ వైరు ఊడిపోయి ఉంది, పెరట్లో ఎర్తు గుంత ఎండి నెర్రెలిచ్చింది. బొగ్గూ ఉప్పూ వేసి రాగి పలక పాతిన ఆ గుంతలో ఎండాకాలం నీళ్లు పోయాలని మా నాన్నగారికి తెలుసు. ఆయన తర్వాత మేమెవరం పట్టించుకోలేదు.

మావాడు ప్లగ్గు తీసేసి, రేకు తాకి, కవరు ఆనించి, ఒక్కో భాగం అంచులు పట్టుకుని బిగించాడు. రాత్రి పదిన్నరకు మొదటిసారి తెర వెలిగింది. ఏప్రిల్‌లో మళ్లీ వచ్చినప్పుడు సంచి గుమ్మంలో పడేసి నేరుగా పెరట్లోకి వెళ్లాడు. రెండు బకెట్ల నీళ్లు పోసి వచ్చి, చేతులు తుడుచుకుంటూ, "గుంత బాగా తాగింది పెదనాన్నా" అన్నాడు.